మామిడి చెక్క బల్లలు విదేశాలకు పంపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఒకసారి చెబుతాను. కరీంనగర్ దగ్గరి ఊళ్ళో మీ నాన్నగారు, మరో ఆరుగురు వడ్రంగులు కలిసి టేకు, మామిడి చెక్కతో నగిషీ బల్లలు, పీటలు, ఉయ్యాల బల్లలు, పూజా మందిరాలు చేస్తున్నారు. డాలస్‌లో ఉన్న మీ బంధువు అక్కడ వీటికి మంచి గిరాకీ ఉందంటున్నారు. హైదరాబాదులో ఒకాయన లక్షన్నర ఇస్తే లైసెన్సులన్నీ తీయించి, విదేశీ ఆర్డర్లు కూడా ఇప్పిస్తానంటున్నారు. ఆ డబ్బు ఇవ్వవచ్చా, అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ సందేహం.

ఆ డబ్బు ఇవ్వకండి. ఎగుమతికి కావలసిన ప్రాథమిక పత్రాలకు ప్రభుత్వం తీసుకునే రుసుము చాలా తక్కువ. ఇక ఆర్డర్లు ఇప్పిస్తామని హామీ ఇచ్చేవారిలో ఆ మాట నిలబెట్టుకున్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. మీరు తప్పకుండా ఎగుమతి చేయగలరు. అయితే మొదటి ఏడాది సొంతంగా కంటెయినరు పంపే ప్రయత్నం చేయకుండా, ఇప్పటికే విదేశాలకు పంపుతున్న ఒక ఎగుమతిదారుకు సరుకు చేసి ఇవ్వడంతో మొదలుపెట్టండి. ఆ ఏడాదిలో రెండు విషయాలు సాధించండి: చెక్కలో తేమను 10 శాతం దగ్గరికి తేవడం, ఒకే బల్లను యాభైసార్లు తేడా లేకుండా చేయగలగడం. ఈ రెండూ కుదిరితే కాగితాల పని కొద్ది వారాల్లో పూర్తవుతుంది. కుదరకపోతే ఎన్ని కాగితాలున్నా రెండో ఆర్డరు రాదు.

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి తొమ్మిదేళ్ళు జోధ్‌పుర్‌లో విదేశీ కొనుగోలుదారుల తరఫున సరుకు తనిఖీ చేశాను. ఆ తరువాత హైదరాబాదులో ఉంటూ చిన్న వర్క్‌షాపులకు ఎగుమతి పనిలో తోడుంటున్నాను. కింద రాసినదంతా ఆ అనుభవంలోనిదే.

ముందు తేమ సంగతి. మన దగ్గర నీడలో పేర్చి ఆరబెట్టిన పలకలో సాధారణంగా 12 నుంచి 16 శాతం తేమ మిగిలి ఉంటుంది. చేత్తో తాకినా, చిత్రిక పట్టినా అది ఎండిన చెక్కలాగే ఉంటుంది కనుక ఎంత అనుభవమున్న మేస్త్రీ అయినా పొరబడతారు. అదే బల్ల చలికాలంలో హీటర్లు నడిచే విదేశీ ఇంట్లోకి చేరితే కొన్ని నెలల్లో తేమ 6–8 శాతానికి దిగిపోతుంది. తేమ పోతున్నకొద్దీ చెక్క పొడవు దాదాపు మారదు, వెడల్పు మాత్రం తగ్గుతుంది. రెండడుగుల వెడల్పున్న పైపలక అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా కుంచించుకుపోవడం మామూలే. ఆ పలకను మనం నాలుగువైపులా జిగురు పూసి, స్క్రూలు బిగించి ఫ్రేముకు కదలకుండా పట్టించేస్తే, కుంచించుకోవడానికి చోటు లేక అది పొడవునా చీలుతుంది.

జోధ్‌పుర్‌లో ఉండగా నేను స్వయంగా తనిఖీ చేసి సరేనన్న 60 మామిడి చెక్క భోజనాల బల్లలు ఉత్తర ఐరోపాకు వెళ్ళాయి. అక్టోబరులో బయలుదేరిన సరుకు అది. జనవరి రెండో వారానికి ఫొటోలు రావడం మొదలైంది. ప్రతి ఫొటోలోనూ బల్ల మధ్యలో రూపాయి బిళ్ళ నిలువుగా దూరేంత చీలిక కనిపించింది. నేను తేమ కొలిచే సూదుల మీటరుతో కొలిచినప్పుడు 10 శాతం చూపించింది నిజమే, కానీ సూదులు దిగింది పైపొరలోకి మాత్రమే. ఒకటిన్నర అంగుళాల మందమున్న పలక లోపల ఎంత తేమ ఉందో నేను చూడలేదు. ఆ నష్టమంతా సరుకు చేసిన వర్క్‌షాపు యజమాని మీద పడింది. ఆయన కోలుకోవడానికి మూడేళ్ళు పట్టింది. ఆనాటి నుంచి నేను మీటరును మాత్రమే నమ్మి ఏ సరుకునూ వదల్లేదు.

మీరు ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. పలక చివరి నుంచి ఒక అడుగైనా లోపలికి వచ్చి, అక్కడ అడ్డంగా అంగుళం మందాన ఒక ముక్క కోయండి. బంగారం తూచే చిన్న త్రాసులో వెంటనే తూకం వేయండి. తరువాత దాన్ని ఓవెన్‌లో సుమారు 103 డిగ్రీల వేడిలో, తూకం ఇక తగ్గడం ఆగేదాకా ఉంచండి. ముందు 112 గ్రాములుండి చివరికి 100 గ్రాముల దగ్గర ఆగిందంటే ఆ చెక్కలో 12 శాతం తేమ ఉన్నట్టు. ప్రతి లాటు నుంచి మూడు నాలుగు పలకలకైనా ఇలా చేసి, ఫలితాన్ని తేదీతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. కొనుగోలుదారు రేపు ఫిర్యాదు చేస్తే మీ చేతిలో ఉండే ఆధారం ఆ పుస్తకమే.

సొంత కిల్న్ (చెక్కను వేడితో ఆరబెట్టే గది) కట్టుకోవాలని తొందరపడకండి. మొదట కిల్న్ ఉన్న కోత మిల్లులో కిరాయికి ఆరబెట్టించండి. పని నిలదొక్కుకున్నాక సూర్యరశ్మితో నడిచే చిన్న కిల్న్ గురించి ఆలోచించవచ్చు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ, బెంగళూరు మల్లేశ్వరంలోని చెక్క శాస్త్ర, సాంకేతిక సంస్థ ఇటువంటి విషయాల్లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ప్రభుత్వ సంస్థలు. మీ ప్రశ్నలు రాసి పంపడానికి, వీలైతే ఒకసారి వెళ్ళి కలవడానికి వెనకాడవద్దు. దానితోపాటు బిగింపు పద్ధతి కూడా మార్చుకోవాలి. పైపలకను ఫ్రేముకు పట్టించేచోట గుండ్రటి రంధ్రానికి బదులు పలక వెడల్పు వైపుకు సాగిన పొడవాటి గాడి చేసి, అందులో స్క్రూ బిగిస్తే చెక్క అటూ ఇటూ కదిలినా చీలదు.

మామిడి చెక్కకు మరో చిక్కు పుచ్చు. టేకుకు ఆ భయం తక్కువ. మామిడిని కోసిన వెంటనే మందు పట్టించకపోతే పురుగు లోపల గుడ్లు పెడుతుంది, పాలిష్ అయిపోయాక కూడా అది బయటికి వస్తుంది. ఒకసారి పోర్టు గోదాములో ఒక పెట్టె విప్పించి చూస్తే, పీట కింద కాగితం మీద గోధుమపిండి జల్లినట్టు సన్నటి పొడి చిన్న చిన్న కుప్పలుగా రాలి ఉంది, ప్రతి కుప్పకు సరిగ్గా పైన గుండుసూది మోపినంత రంధ్రం ఉంది. ఆ సరుకు మొత్తం వెనక్కి తీసుకురావలసి వచ్చింది. బోరిక్ యాసిడ్, బొరాక్స్ కలిపిన ద్రావణాన్ని వాక్యూమ్, ప్రెషర్ పద్ధతిలో పచ్చి పలకకే పట్టించి, ఆ తరువాతే కిల్న్‌లో పెట్టించాలి. బ్రష్‌తో పైపైన పూసిన మందు లోపలికి చేరదు.

ఇక ఒకేలా చేయడం గురించి. మన వడ్రంగులకు ఇది చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ కొంచెం బాధగానే ఉంటుంది, ఎందుకంటే ప్రతి వస్తువులోనూ తన చేతి ముద్ర వేయడమే వారు నేర్చుకున్న విద్య. అయితే విదేశీ దుకాణం ఒక ఫొటో పెట్టి వందమందికి అమ్ముతుంది, ఆ వందమందికీ ఫొటోలో ఉన్నదే చేరాలి. నేను తోడుగా ఉన్న ఒక బృందానికి 40 నగిషీ పీటల ఆర్డరు వచ్చింది. నలుగురు మేస్త్రీలు తలా పది చేశారు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ ముచ్చటగా ఉంది. నలభైనీ వరుసగా పేర్చి చూస్తే మాత్రం నాలుగు రకాల తామరపూలు, నాలుగు రకాల ఎత్తులు బయటపడ్డాయి. నున్నటి గ్రానైట్ పలక మీద పెడితే పదకొండు పీటలు కాలు ఆనక ఊగాయి. తరువాతి ఆర్డరుకు మేము నగిషీ గీతను రేకులో కోయించి అచ్చు తయారు చేశాం. కాళ్ళ కొలతకు ఒక జిగ్, అంటే ప్రతి కాలూ ఒకే కొలతకు వచ్చేలా పట్టి ఉంచే చట్రం, కట్టాం. పూర్తయిన ప్రతి పీటనూ అదే గ్రానైట్ పలక మీద పెట్టి చూశాకే పాలిష్‌కు పంపాం. పూరేకుల లోతు, ఉలి పోకడ మేస్త్రీ ఇష్టానికే వదిలాం కనుక చేతిపని అందం పోలేదు. కొనుగోలుదారు ఆమోదించిన నమూనాలు రెండు ఉండాలి. ఒకటి వారి దగ్గర, ఒకటి మీ దగ్గర, రెండింటి మీదా సంతకం, తేదీ ఉండాలి. పని జరుగుతున్నంతకాలం మీ దగ్గరున్నది అందరికీ కనిపించే చోట పెట్టండి.

మీరు రాసిన వస్తువుల్లో ఏవి పంపడం మంచిదన్నది రవాణా లెక్క చెబుతుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 45 ఎత్తున్న బల్లను కాళ్ళతో సహా పెట్టెలో పెడితే 0.4 ఘనపు మీటర్లకు కాస్త పైగా చోటు ఆక్రమిస్తుంది. 20 అడుగుల కంటెయినరులో వాడుకోగలిగిన చోటు 27 ఘనపు మీటర్లు అనుకుంటే అటువంటివి 66 పడతాయి. అదే బల్లకు కాళ్ళు విడదీసి బోల్టులతో బిగించుకునేలా చేస్తే పెట్టె మందం 16 సెంటీమీటర్లకు దిగి, 207 బల్లలు పడతాయి. ఉదాహరణకు కంటెయినరు ఖర్చు 2,70,000 రూపాయలైతే మొదటి పద్ధతిలో ఒక్కో బల్లకు 4,091, రెండో పద్ధతిలో 1,304 రూపాయలు పడుతుంది. ఆ తేడా చాలాచోట్ల మీ లాభం కంటే ఎక్కువే ఉంటుంది. అందుకే విడదీయగలిగే బల్లలు, పీటలు, ఉయ్యాల బల్లలు మీకు అనువైనవి. నిలువెత్తు మందిరాలు గోపురం, తలుపులు, పీఠం మూడు భాగాలుగా విడివడేలా మార్చాకే పంపండి.

డాలస్ బంధువు మాట తీసిపారేయదగినది కాదు. అమెరికాలోనూ, గల్ఫ్‌లోనూ, ఆస్ట్రేలియాలోనూ ఉన్న తెలుగు కుటుంబాలు కొత్త ఇంట్లోకి మందిరం, ఉయ్యాల కావాలని నిజంగానే వెతుకుతాయి. కాకపోతే ఒక్కొక్కరూ ఒక్కో కొలత అడుగుతారు, విమానంలో పంపితే ఖర్చు వస్తువు ధరను మించుతుంది, దారిలో విరిగితే బాగుచేసేవారు అక్కడ ఉండరు. బంధువు గారు అక్కడ నాలుగు కుటుంబాల ఆర్డర్లు కలిపి, రెండే కొలతలకు అందరినీ ఒప్పించి, ఇతరుల సరుకుతో కలిసి వెళ్ళే ఎల్‌సీఎల్ రవాణాలో తెప్పించుకోగలిగితే అది మంచి ప్రయోగం అవుతుంది. అక్కడ సుంకం ఎంత పడుతుందో మాత్రం సరుకు కదిలే ముందు అక్కడి కస్టమ్స్ బ్రోకరు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన వస్తువులు చాలావాటి మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చాలామంది ఎగుమతిదారుల లెక్కలు తారుమారయ్యాయి. ఈ రేట్లు తరచూ మారుతున్నాయి కనుక పోయిన నెల విన్న అంకెను పట్టుకుని ధర చెప్పకండి.

నా సలహా అడిగితే మొదటి విదేశీ మార్కెట్టుగా యూఏఈని చూడండి. 2022 మే 1 నుంచి మనకు వారితో సుంకాలు తగ్గించే సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం అమల్లో ఉంది. ఓడ ప్రయాణం తక్కువ రోజులే. ఏదైనా లోపం వస్తే మనిషి వెళ్ళి చూసి రావడం కూడా సాధ్యం. అయితే అక్కడి ఇళ్ళల్లో ఏసీ రాత్రింబవళ్ళు నడుస్తుంది కనుక తేమ విషయంలో ఏమాత్రం సడలింపు పనికిరాదు.

నిబంధనల్లో మీకు నేరుగా తగిలేవి మాత్రమే చెబుతాను. చెక్క ఎక్కడ కొన్నారో తెలిపే బిల్లులు, రవాణా పర్మిట్ అవసరమైన చెక్కకు ఆ పర్మిట్ నకలు, లాటు వారీగా భద్రపరచండి. అమెరికాలో అక్రమంగా కొట్టిన చెక్కను అడ్డుకునే లేసీ చట్టం కింద చెట్టు శాస్త్రీయ నామం, అది పెరిగిన దేశం దిగుమతిదారు ప్రకటించాలి. ఐరోపా సమాఖ్య కొత్త అటవీ నిర్మూలన నిరోధక చట్టం అమలు తేదీ ఇప్పటికే వాయిదాలు పడినా, అది వచ్చాక చెట్టు కొట్టిన భూమి ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపాల్సి ఉంటుంది. కాపు తగ్గిన మామిడి తోట నుంచి నేరుగా కొనే అవకాశం మీకుంది కనుక, రైతు పేరు, సర్వే నంబరు, ఫోనుతో తీసిన లొకేషన్ ఇప్పటి నుంచే రాసుకుంటే ముందుముందు పెద్ద వర్క్‌షాపుల కంటే మీకే సులువవుతుంది. రోజ్‌వుడ్, షీషం రెండూ 2017 జనవరి నుంచి సైటిస్ (ప్రమాదంలో ఉన్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, వాటికి వేరే పత్రాలు కావాలి. ఎర్రచందనం జోలికి అసలు వెళ్ళవద్దు. ప్యాకింగుకు వాడే చెక్క పెట్టెలకు, ప్యాలెట్లకు పురుగు లేకుండా శుద్ధి చేశారని తెలిపే ఐఎస్‌పీఎం 15 ముద్ర తప్పనిసరి, వేడి పద్ధతిలో శుద్ధి చేస్తే ఆ చెక్క మధ్యభాగం కూడా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండి ఉండాలి. బల్ల ఎంత బాగున్నా, ప్యాలెట్ మీద ముద్ర లేదని మొత్తం సరుకును ఆపేస్తారు.

రంగులు, పాలిష్‌ల విషయంలో అమెరికా సీసం పరిమితి పది లక్షలకు 90 భాగాలు మాత్రమే. కనుక విడిగా అమ్మే రంగులు కాకుండా పరీక్ష నివేదిక ఇచ్చే కంపెనీ డబ్బాలే వాడండి. మందిరం వెనుక పలకకు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) గానీ ప్లైవుడ్ గానీ వాడితే ఫార్మాల్డిహైడ్ ధ్రువీకరణ కావాలి, అందుకే అక్కడ కూడా చెక్కే వాడమంటాను. బట్టలు పెట్టుకునే ఎత్తయిన సొరుగుల బీరువాలు అమెరికాకు, దిండ్లు కుట్టిన కుర్చీలు బ్రిటన్‌కు మొదట్లో వద్దు. మొదటివాటికి బోర్లా పడకుండా నిలిచే పరీక్ష, రెండోవాటికి నిప్పు అంటుకునే పరీక్ష ఉన్నాయి, ఆ ఖర్చు మీరిప్పుడు మోయలేరు.

పత్రాల సంగతి క్లుప్తంగా: ఐఈసీ నంబరు (ఎగుమతి దిగుమతులకు ఇచ్చే కోడ్) విదేశీ వాణిజ్య డైరెక్టరేటు జనరల్ అయిన డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో మీరే తీసుకోవచ్చు, రుసుము 500 రూపాయలు. ప్రతి ఏటా ఏప్రిల్–జూన్ మధ్య అందులోని వివరాలను సరిచూసి ధ్రువీకరించడం మరచిపోకండి. జీఎస్టీ నమోదు, ముందుగా పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఏటా ఇచ్చే హామీ పత్రం ఎల్‌యూటీ, చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదు, విదేశీ మారకం జరిపే మీ బ్యాంకు శాఖకు ఉండే ఏడీ కోడ్‌ను కస్టమ్స్‌లో నమోదు చేయించడం, సొంతంగా పంపడం మొదలుపెట్టాక హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి సభ్యత్వం ఉంటే చాలు. మీ మేస్త్రీలందరికీ హస్తకళల అభివృద్ధి కమిషనరు ఇచ్చే కళాకారుల గుర్తింపు కార్డు, పహచాన్ కార్డు, తీయించండి. పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగం ఉంది కనుక 15,000 రూపాయల పనిముట్ల సహాయానికి, 5 శాతం వడ్డీ రుణానికి దరఖాస్తు చేయించండి. గ్రేటర్ నోయిడాలో ఏడాదికి రెండుసార్లు జరిగే ఐహెచ్‌జీఎఫ్ ఢిల్లీ హస్తకళల మేళాలో స్టాలు తీసుకోవడం రెండో ఏడాది పని.

ఎగుమతిదారుకు ధర చెప్పేటప్పుడు చేతిపని రోజులను విడిగా లెక్క కట్టండి. చెక్క, పాలిష్, ఇనుప సామాను, ప్యాకింగు, వృథా అన్నీ కలిపాక, నగిషీకి పట్టిన రోజులకు పూర్తి కూలి వేయండి. ఇంటివాళ్ళ పనే కదా అని మీ నాన్నగారి రోజులను లెక్కలోంచి తీసేస్తే, ఆ తక్కువ ధరే మీ ధరగా స్థిరపడి, పైమనిషిని పెట్టుకున్న రోజున ప్రతి బల్లకూ నష్టం వస్తుంది. ఇలా తప్పుడు ధరకు ఒప్పుకుని, మంచి ఆర్డర్లుండగానే మూతపడ్డ వర్క్‌షాపులు రెండు నాకు తెలుసు. ఎగుమతిదారుకు నిబంధనల ప్రకారం 0.1 శాతం జీఎస్టీతో సరుకు ఇచ్చే వీలుంది, దాన్ని మీ ఆడిటరుతో మాట్లాడి వాడుకోండి.

సొంతంగా పంపే రోజు వచ్చినప్పుడు కొత్త కొనుగోలుదారుకు అప్పు మీద సరుకు ఇవ్వవద్దు. పని మొదలుపెట్టే ముందు కనీసం 30 శాతం, మిగిలినది అసలు బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు విడిపించుకోవడానికి కావలసిన ఓడ కంపెనీ పత్రం) చేతికి ఇచ్చే ముందు తీసుకోండి. అప్పు ఇవ్వక తప్పని దశలో, కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా తీసుకున్నాకే ఇవ్వండి. బ్యాంకు ఖాతా మారిందంటూ మధ్యలో ఈ–మెయిల్ వస్తే, అటువైపైనా ఇటువైపైనా, ఫోనులో గొంతు విని నిర్ధారించుకున్నాకే డబ్బు కదలాలని ముందే కొనుగోలుదారుతో అనుకోండి.

ఈ నెలలో మీరు చేయవలసిన పని ఒకటి చెబుతాను. మీ మామూలు పద్ధతిలో ఒక మామిడి బల్ల, కిల్న్‌లో ఆరిన చెక్కతో, గాడి స్క్రూలతో మరొకటి చేయించండి. రెండింటి పైపలకల అడుగున, వెడల్పు వైపుగా ఒకదానికొకటి సరిగ్గా 50 సెంటీమీటర్ల దూరంలో సూదిమొనతో రెండు గీతలు గీయండి. తలుపులు మూసి రోజూ ఏసీ నడిచే గదిలో, పరిచయమున్న ఏదైనా ఆఫీసులోనైనా సరే, రెండు నెలలు ఉంచండి. ప్రతి ఆదివారం గీతల మధ్య దూరం స్టీలు స్కేలుతో కొలిచి రాయండి. దూరం రెండు మిల్లీమీటర్లకు మించి తగ్గిన బల్ల ఏ చెక్క లాటులోదో ఆ లాటును ఎగుమతికి వాడకండి. ఆ అంకెలు, బల్లల ఫొటోలు ఇక్కడే పెడితే, మామిడి సరుకు పంపుతున్న ఎగుమతిదారులను ఎలా ఎంచుకోవాలో, మొదటి ఉత్తరంలో ఏమి రాయాలో మీ బల్లలు చూసి చెబుతాను.